ఇంటిలోని తుపాకి – ప్రమాదమను మాట

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమును గూర్చి నాకు ముందు మాటలాడిన పెద్దలు చెప్పవలసినదంతయు చెప్పిరి. రామాయణ భారతములనుండి ఏదేని యొక ఘట్టమును చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఘట్టములు చెప్పెదను గాని, వానిని ఒక చట్టపు ప్రశ్నకు ముడివేసి చెప్పెదను. ఆ ప్రశ్న నేను పుట్టించినది కాదు. మన పత్రికల బల్ల యొద్ద పుట్టినది. ఇంటిలో తుపాకి పేలి కొడుకు చేతిలో తండ్రియో, అన్న చేతిలో తమ్ముడో పోయెనను వార్త పత్రికలో వచ్చినప్పుడెల్ల బల్లకు ఈవలి ప్రక్కవారు, “అది ప్రమాదము. ఎవరిని ఏమందుము? ఆ యింటి యేడుపే వారికి శిక్ష” అందురు. ఆవలి ప్రక్కవారు, “అట్లయినచో పోయిన ప్రాణమునకు విలువ లేదా?” అందురు. ఇరువురును మంచివారే. ఇరువురును చట్టపు పుస్తకమును తెరచి చూచినవారు కారు. ఆ పుస్తకము మన బీరువాలో మూడవ అరలోనే యున్నది. గత సంవత్సరము దానిని ఒక్కరును ఇంటికి తీసికొనిపోలేదని రిజిస్టరు చెప్పుచున్నది.

పల్లెటూరివారికి తుపాకితో పని యేమని కొందరనుకొనవచ్చును. 1959 నాటి ఆయుధ చట్టమున 13వ సెక్షనులోనే పంట కాపుదల కొరకు ముందునుండి మందు కూరు తుపాకికి లైసెన్సు ఇచ్చు విషయము ప్రత్యేకముగా వ్రాయబడియున్నది. తెలంగాణమున దానినే భర్మారు అందురు. అడవి అంచున మొక్కజొన్న, వేరుసెనగ వేయు ఊళ్లవారికి అడవిపంది బాధ ఎట్టిదో నేను వర్ణింపనక్కరలేదు. లైసెన్సు లేని నాటు తుపాకులను గూర్చి అసలే చెప్పనక్కరలేదు. ఆ విషయము మీరు నాకంటె ఎక్కువ ఎరుగుదురు.

ముందుగా మాటను చూతము. బస్సు ప్రమాదము, అగ్నిప్రమాదము, తుపాకి ప్రమాదము అని దినదినము అనుచుందుము. తెలుగున ఈ మాటకు, ఎవరి తప్పును లేక వచ్చిపడిన ఆపద యను అర్థము స్థిరపడిపోయినది. సంస్కృతమున అట్లు కాదు. అక్కడ ప్రమాదమనగా ఏమరుపాటు. ఉండవలసిన చోట మెలకువ లేకుండుట. ఉద్యోగపర్వమున నిద్రపట్టని ధృతరాష్ట్రునకు సనత్సుజాతుడు మృత్యువును గూర్చి చెప్పుచు, ఆ యేమరుపాటునకే మృత్యువని పేరు పెట్టెను. చూడుడు, ఒకే మాట తెలుగున తప్పును కప్పుచున్నది, సంస్కృతమున తప్పును విప్పుచున్నది. పత్రికల బల్ల యొద్ద జరిగిన వాదమంతయు ఈ రెండర్థముల నడుమనే జరిగినది. న్యాయస్థానమున కెక్కిన ఇంటి తుపాకి వ్యాజ్యెములును చాలవరకు ఈ రెండర్థముల నడుమనే నడచుచుండును.

ఇక చట్టము. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 80వ సెక్షనుగా నుండినది, 2024 జూలై 1వ తేదినుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 18వ సెక్షను అయినది. సంఖ్య మారినది గాని సారము మారలేదు. ఆకస్మికముగానో దురదృష్టవశముననో జరిగిన పని నేరము కాదని ఆ సెక్షను చెప్పును. అయితే ఊరకే చెప్పలేదు. చేయువానికి నేరబుద్ధి ఉండరాదు. కీడు కలుగునను ఎరుకయు ఉండరాదు. చేయుచున్న పని చట్టసమ్మతమై యుండవలెను. దానిని చేయు రీతియు, సాధనమును అట్టివే కావలెను. అన్నిటికిని పైన, తగిన జాగ్రత్తతో చేయుచుండవలెను. దీనికి చట్టమే ఒక ఉదాహరణము నిచ్చినది. ఒకడు గొడ్డలితో పని చేయుచుండగా గొడ్డలి తల ఊడి ఎగిరి ప్రక్కనున్న వానికి తగిలి ప్రాణము పోయినది. పనిచేయువాని జాగ్రత్తలో లోపము లేనిచో అది నేరము కాదు. మన రైతులకు ఈ ఉదాహరణము చక్కగా తెలియును. కామ వదులైనదని ఉదయమే ఎరిగియు, చీల కొట్టక, పిల్లలాడుచోట కట్టెలు కొట్టినవానికి ఈ సెక్షను దొరకదు.

ఆ జాగ్రత్త లేనప్పుడు వచ్చునది 106వ సెక్షను, పూర్వపు 304-ఎ. దుడుకుతనము చేతగాని ఏమరుపాటు చేతగాని ఒకరి మరణమునకు కారకుడైనవానికి, అది హత్యకోవలోనికి రానప్పుడు, ఈ సెక్షను క్రింద శిక్ష. 1860లో శిక్షాస్మృతి చేసినప్పుడు ఇది అందులో లేదు. లోపము గ్రహించి 1870లో చేర్చిరి. శిక్ష రెండేండ్ల వరకు అని వ్రాసిరి. క్రొత్త సంహిత దానిని ఐదేండ్ల వరకు పెంచినది, జరిమానాయు తప్పదు. 2024 జూలైకి పూర్వము జరిగిన పనికి మాత్రము పాత శిక్షయే. ప్రాణము పోక గాయముతో బయటపడినచో 125వ సెక్షను వచ్చును. గాయము తీవ్రమైనచో మూడేండ్ల వరకు.

దుడుకుతనము వేరు, ఏమరుపాటు వేరు. కీడు కలుగవచ్చునని తోచియు, “ఏమియు కాదులే” యని చేయునది దుడుకు. తోచవలసినది తోచకుండుట ఏమరుపాటు. ఇంటి తుపాకి విషయమున ఈ రెండింటికిని వేరువేరు చరిత్రలున్నవి. ఏమరుపాటుతో మొదలిడెదను.

రాత్రి మంచెమీద కాపున్నవాడు తుపాకిలో మందు కూరి, గుండ్లు వేసి, గుడ్డపీలికతో దట్టించి, పేలుడు టోపీ పెట్టుకొని కూర్చుండును. ఆ రాత్రి పంది రాలేదు. అట్లు కూరిన తుపాకిని ఖాళీ చేయవలెననిన పేల్చియైనను వేయవలెను, లేదా చువ్వతో దట్టింపును పెరికి మందును ఒలికింపవలెను. పేల్చినచో మందు దండుగ. పెరుకుట తీరిక పని. అందుచేత తెల్లవారగనే కూరినది కూరినట్లే ఇంటికి తెచ్చి దూలమునకు తగిలించి, చద్దన్నము తిని పండుకొనును. మధ్యాహ్నము ఎనిమిదేండ్ల పిల్లవాడు పీట వేసికొని దానిని దింపును. ఎదుట చెల్లెలు ఆడుకొనుచుండును. ఇది ఏ యొక్క ఊరి సంగతియు కాదు. తుపాకి ఉన్న ప్రతి యింటిలోను జరుగుటకు వీలున్న సంగతి.

ఇక్కడ నేరమెవరిది? పిల్లవానిది కాదు. ఏడేండ్లలోపు బిడ్డ చేసిన ఏ పనియు నేరము కాదని సంహితలోని 20వ సెక్షను చెప్పుచున్నది. ఏడు దాటి పండ్రెండులోపు వానికి ఆ పని స్వభావమును, ఫలమును గ్రహించు పరిపక్వత లేనిచో నేరము లేదని 21వ సెక్షను. ఆ పైన పదునెనిమిది నిండువరకు 2015 నాటి బాలల న్యాయ చట్టము. అక్కడ విచారించునది బాలల న్యాయ మండలి. ఈ వయస్సు లెక్క దొరలు తెచ్చినదని కొందరు చదువుకొన్నవారే అనుట నేను విన్నాను. వారు ఆదిపర్వమున మాండవ్యుని కథ చదువలేదు. మాండవ్యుడు మౌనవ్రతములో నుండగా దొంగలు దోచిన సొత్తుతో ఆయన ఆశ్రమమున దాగిరి. రాజభటులు మునిని కూడ దొంగగా నెంచి శూలమున కెక్కించిరి. తరువాత ఆయన ధర్మదేవత యొద్దకు పోయి, ఏ పాపమునకు నాకీ శిక్ష యని అడిగెను. బాల్యమున పురుగులను గడ్డిపుల్లతో గ్రుచ్చితివని ధర్ముడు చెప్పెను. ముని మండిపడెను. ఎరుగని ప్రాయమున చేసిన చిన్న పనికి ఇంత శిక్షయా యని, ఆ ధర్మునే శూద్రయోనిని పుట్టుమని శపించెను. ఆ విధముగా పుట్టినవాడే విదురుడు. అంతతో ఊరకుండక, పదునాలుగేండ్లవరకు చేసిన పని పాపము కాజాలదని లోకమున కొక హద్దు పెట్టెను. శిక్షించు ధర్మదేవతకే శిక్ష పడిన కథ యిది. మన చట్టపు హద్దు మాండవ్యుని హద్దుకంటె ఇంకను తక్కువది.

పిల్లవాని పేరు కొట్టివేసినప్పుడు దూలమునకు తుపాకి తగిలించినవాని పేరు మిగులును. ఆయన నిద్రలో నుండెను. ట్రిగ్గరు ఆయన లాగలేదు. అయినను ఏమరుపాటు జరిగినది పేలిన క్షణమున కాదు, తగిలించిన క్షణమున. నేను చెప్పదలచిన ముఖ్య విషయము ఇదియే. మన చట్టములోని చిక్కు కూడ ఇక్కడనే యున్నది. బొంబాయిలో ఒక రంగుల కర్మాగారమున నిప్పంటుకొని ఏడుగురు పనివారు చనిపోయిన వ్యాజ్యెమున, 1965లో ప్రకటితమైన తీర్పులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పినది. ఏమరుపాటు మరణమునకు ఎక్కడనో ఒక కారణమైన చాలదు, నేరుగా మరణమును తెచ్చిన కారణము కావలెనని. నడుమ మరియొకరి పని అడ్డము రాకూడదని దాని భావము. దూలపు తుపాకి వ్యాజ్యెమున వకీలు లేచి, నడుమ పిల్లవాని చేయి వచ్చినది కదా యని వాదించును. వాదమునకు బలము లేకపోలేదు. చేతికందు చోట కూరిన తుపాకి ఉంచినచో పిల్లవాడు ముట్టుటయే సహజ ఫలమని ఎదుటి వకీలనును. తీర్పు ఆయా సాక్ష్యమునుబట్టి అటో యిటో పోవును. అప్పుడైనను తండ్రి పూర్తిగా తప్పించుకొనలేడు. లైసెన్సు షరతులను మీరినందుకు ఆయుధ చట్టమున వేరు సెక్షనున్నది. ఇరువదియొక్క ఏండ్లు నిండనివానికి తుపాకి కలిగియుండు హక్కే లేదని 9వ సెక్షను చెప్పును. లైసెన్సు కోరువాడు భద్రతా శిక్షణ పొందవలెనని 2016 నాటి నియమములున్నవి. కాగితము మీద ఉన్నవి. దూలము మీద లేవు.

మన యూరి పిల్లలు కొందరు అమెరికాలో కాపురమున్నారు గనుక అక్కడి సంగతి ఒకటి చెప్పెదను. వారు అద్దెకు దిగిన యింటి ప్రక్కవారి బల్లసొరుగులో తుపాకి ఉండవచ్చును. బిడ్డలను ఆటకు పంపునప్పుడు అడిగి తెలిసికొనవలసిన విషయమిది. ఆ దేశమున ఫ్లోరిడా రాష్ట్రము 1989లో అన్నిటికంటె ముందుగా ఒక చట్టము చేసినది. పదునారేండ్లలోపు పిల్లలకు చిక్కునట్లు కూరిన తుపాకిని వదలి, అది పిల్లల చేత బడినచో, వదలుటయే నేరము. నడుమ చేయి వచ్చినదను వాదమునకు అక్కడ తావు లేదు. మరికొన్ని రాష్ట్రములును ఆ దారిని పోయినవి; మిషిగన్‌లో ఇట్టి చట్టము 2024లో అమలులోనికి వచ్చినది. అయితే 2008లో ఆ దేశపు సుప్రీంకోర్టు, రాజధాని నగరమున ఇంటి తుపాకిని విడదీసియో తాళము వేసియో ఉంచవలెనను శాసనమును కొట్టివేసినది. ఆత్మరక్షణకు అడ్డు వచ్చునని వారి తర్కము. ఆ తర్కము నా మనస్సున కెక్కలేదు. దొంగ వచ్చు రాత్రి ఏదో తెలియదు గాని, పిల్లవాడు ఇంటిలో ప్రతిదినము ఉండును.

ఫ్లోరిడా శాసనములో నన్ను ఆపి చదివించిన వాక్యము మరియొకటి కలదు. మైనరు బిడ్డకు కుటుంబసభ్యుని చేతనే పొరపాటున తుపాకి దెబ్బ తగిలినచో, ఆ సెక్షను క్రింద ఏడు దినములు నిండువరకు ఎవరిని అరెస్టు చేయరాదు. విచారణ ఆగదు, చేతికి సంకెల మాత్రము ఆగును. పాడె మోయవలసినవానిని ఠాణాలో కూర్చుండబెట్టరాదని తలచి వ్రాసిరి కాబోలు. మన చట్టమున ఇట్టి వాక్యము లేదు. 106వ సెక్షనులోని ఈ నేరము జామీను ఇవ్వదగినదే గనుక కొంత ఊరట కలదు. అయినను అట్టి వాక్యమొకటి మనకును ఉండదగినదని నా అభిప్రాయము.

ఇక దుడుకుతనపు చరిత్ర. దీనికి దశరథునికంటె వేరు ఉదాహరణము మనకక్కరలేదు. యువరాజుగా నున్నప్పుడు, వర్షాకాలపు రాత్రి, సరయూతీరమున, నీటికి వచ్చు మృగమును కొట్టవలెనని పొంచియుండెను. చీకటిలో ఏదో శబ్దము వినబడినది. ఏనుగు నీరు త్రాగుచున్నదనుకొని బాణము విడిచెను. అది కడవ మునుగు చప్పుడు. కంటికి కనబడనిదానిని చెవితో కొట్టగలనను గర్వమే ఆ బాణమును విడిచినది. వేట రాజునకు ధర్మమే; విల్లును చట్టసమ్మతమగు సాధనమే; ముని కుమారునిపై పగయు లేదు. లేనిదొక్కటే, తగిన జాగ్రత్త. రాత్రివేళ నీటిరేవుకు మనుష్యుడును రావచ్చునను తలపు.

ఇంచుమించు ఇదే కథ 2013 ఫిబ్రవరి 14వ తేది తెల్లవారుజామున దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఒక ఇంటిలో జరిగినది. రెండు కాళ్లును మోకాళ్ల దిగువ లేక, కృత్రిమ పాదములతో 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో పరుగెత్తిన ఆస్కార్ పిస్టోరియస్ తన యింటి మరుగుదొడ్డి మూసిన తలుపుగుండ నాలుగు గుండ్లు పేల్చెను. లోపల నున్నది అతని స్నేహితురాలు రీవా స్టీన్‌క్యాంప్. ఆమె మరణించెను. దొంగ జొరబడెనని తలచితిననియు, లోన చప్పుడు విని పేల్చితిననియు అతడు చెప్పెను. 2014లో విచారించిన న్యాయమూర్తి అది అజాగ్రత్తవలని మరణమని తీర్మానించి ఐదేండ్ల శిక్ష వేసెను. 2015 డిసెంబరులో అప్పీలు కోర్టు అట్లు కాదు, హత్యయే అన్నది. దాని తర్కము వినదగినది. తలుపు వెనుక నున్నది ఎవరైనను కానిండు, ఒక మనుష్యుడు ఉన్నాడని ఎరిగియే కదా పేల్చెను. అంత యిరుకు గదిలోనికి నాలుగు గుండ్లు పేల్చినచో లోనివాడు చచ్చునని ఎరిగియే కదా పేల్చెను. ఆ మనుష్యుడు దొంగయా ప్రియురాలా యనుటలో పొరపడినంత మాత్రమున అది ప్రమాదము కాదు. 2017లో శిక్షను పదమూడేండ్ల ఐదు నెలలుగా నిర్ణయించిరి. 2024 జనవరిలో అతడు పెరోలుపై విడుదలయ్యెను.

దశరథుడు ఏనుగని తలచెను. ప్రిటోరియావాడు మనుష్యుడని తలచెను. భేదమంతయు అక్కడ నున్నది. మన దేశమున 1978లో ఒరిస్సా హైకోర్టు ముందుకు మూడవ కథ వచ్చినది. మొక్కజొన్న చేను కాచుచున్నవాడు కదలిక చూచి, ఎలుగుబంటి యని సద్బుద్ధితో నమ్మి బాణము వేయగా, అక్కడ దాగియున్న మనుష్యుడు చనిపోయెను. అతనికి శిక్ష లేదన్నారు. చేనిలో ఆ వేళ మనుష్యుడుండునని తలచుటకు హేతువు లేదు గనుక. దీనిని విని ఎవరును ధైర్యము తెచ్చుకొనవలదు. మన చేలకు ఇప్పుడు రాత్రివేళ మోటారు వేయుటకు రైతులు పోవుచుందురు; మోటారు ఉన్న చేనిలో కదలినదెల్ల ఎలుగుబంటి యను వాదము నిలువదు. లైసెన్సు లేని తుపాకి యను ఒక్క కారణముచేత ఆకస్మికమను రక్షణ పోదని 1901లో బొంబాయి హైకోర్టు చెప్పియున్నది. జాగ్రత్త ముఖ్యము గాని కాగితము కాదని దాని సారము. అయినను లైసెన్సు లేని నేరము లేనినేరముగానే వేరుగా వెంటబడును.

బెదిరింపును గూర్చి ఒక్క మాట. అన్నదమ్ముల తగవులో ఒకడు తుపాకి తెచ్చి ఎత్తును, నడుమ తల్లి వచ్చును, పేలును. “బెదిరింపనే ఎత్తితిని” అనును. కూరిన తుపాకిని మనుష్యునివైపు ఎత్తుట చట్టసమ్మతమగు పని కానే కాదు గనుక 18వ సెక్షను గడపకూడ త్రొక్కదు. తమ్ముని చంపవలెనని పేల్చగా తల్లికి తగిలినను, తమ్ముని చంపినట్లే లెక్కయని 102వ సెక్షను. పెండ్లి పందిట్లో గాలిలోనికి పేల్చు వేడుకకు 2019లో ఆయుధ చట్టమును సవరించి, రెండేండ్ల వరకు ఖైదుగాని, లక్ష రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని పెట్టిరి. ఆ వేడుక మన వైపు అరుదు, అరుదుగానే ఉండనిండు.

ఇప్పుడు బల్లకు ఈవలి ప్రక్కవారి మాటకు వచ్చెదను. ఆ యింటి యేడుపే శిక్ష యనిరి కదా. ఆనుశాసనిక పర్వమున భీష్ముడు ధర్మరాజునకు గౌతమి కథ చెప్పెను. గౌతమి యను వృద్ధురాలి కొడుకు పాము కరచి చనిపోయెను. అర్జునకుడను బోయ ఆ పామును పట్టి తెచ్చి, దీనినెట్లు చంపుదునని అడిగెను. దీనిని చంపిన నా కొడుకు వచ్చునా, విడువుమని ఆమె యనెను. బోయ వినలేదు. పాము నోరు తెరచి, నేను పరాధీనను, నన్ను పంపినది మృత్యువనెను. మృత్యువు వచ్చి, నన్ను నడుపువాడు కాలుడనెను. కాలుడు వచ్చి, మాలో ఎవ్వరిదియు తప్పు కాదు, ఆ బాలుని కర్మమే కారణమనెను. ఎంత చదివినను నాకు ఈ కథ విసువు పుట్టింపదు. మన యిండ్లలో తుపాకి పేలిన తరువాత వినబడు మాటలన్నియు ఇందున్నవి: తుపాకి పాతది, పిల్లవాడు అల్లరివాడు, ఘడియ మంచిది కాదు, వాని నుదుట అట్లు వ్రాసియున్నది. గౌతమికి ఆ వరుస కాలునివరకు, కర్మమువరకు పోవచ్చును. శోకము నణచుకొనుటకు ఆమెకు అది కావలెను. న్యాయస్థానము మాత్రము ఆ వరుసలో, ఆపగలిగియు ఆపని మొదటి మనుష్యుని యొద్ద నిలువవలెను. కాలునకు సమను పంపు అధికారము మేజిస్ట్రేటునకు లేదు.

గౌతమి క్షమించినను కేసు పోదు. 106వ సెక్షను రాజీకి వీలున్న నేరములలో చేరలేదు. చనిపోయిన బిడ్డ తల్లియు, తుపాకి తగిలించినవాని భార్యయు ఒక్కతెయే అయినను, ఆమె “నాకు ఫిర్యాదు లేదు” అన్నంత మాత్రమున తీరదు, వాది సర్కారు. అయితే ఆమె మాటకు చోటు లేకపోలేదు. నేరము రుజువైన పిమ్మట శిక్ష ఎంతయని ఆలోచించునప్పుడు న్యాయమూర్తి ఇవన్నియు చూడవచ్చును. 1958 నాటి నేరస్థుల ప్రొబేషను చట్టము 4వ సెక్షను క్రింద, జైలుకు పంపక సత్ప్రవర్తన హామీపై విడుదల చేయవచ్చును. తప్పు ఉన్నదని చెప్పుట వేరు, బాధించుట వేరు. ఈవలివారును ఆవలివారును బల్లమీద కలిపి వేసినది ఈ రెండింటినే.

అన్నిటికంటె నాకు భయము కలిగించునది దాచుట. ఇంటి పరువు పోవునని, కొడుకు జైలుకు పోవునని పెద్దలు కూర్చుండి కథ అల్లుదురు. తుపాకి తుడుతురు, చోటు మార్తురు, నేల కడుగుదురు, చనిపోయినవాడే తుడుచుకొనుచుండగా పేలినదని అందురు. ఏమరుపాటు మాత్రమే యైన యింటిలో ఇప్పుడు 238వ సెక్షను క్రింద సాక్ష్యము మాపిన నేరము కూడ పుట్టినది. అంతేకాదు. ఆకస్మికమని చెప్పుకొనువాడే దానిని చూపవలెనని సాక్ష్య చట్టము. నాలుగు గోడల నడుమ జరిగినదానికి ఆ గోడలే సాక్షులు. వానిని కడిగివేసినవాడు తన రక్షణనే కడిగివేసికొనెను. దశరథుడు అట్లు చేయలేదు. ఆ చీకటిలో చూచినవాడు లేడు. అయినను చచ్చుచున్న కుమారుడు చూపిన కాలిదారిని పట్టి, కడవతో నీరు తీసికొని, గ్రుడ్డి తల్లిదండ్రుల యొద్దకు పోయి, నేను దశరథుడను, నేనే చంపితినని చెప్పెను. శాపము తప్పలేదు. అయితే నీవే వచ్చి చెప్పియుండనిచో నీ తల అప్పుడే వేయి చెక్కలయ్యెడిదని ఆ ముదుసలి యనినట్లు వాల్మీకి చెప్పుచున్నాడు. ఎరుగక చేసితివి గనుకనే బ్రతికియున్నావని కూడ అనెను. చెప్పుటకును, ఎరుగమికిని ఆ శోకమున కూడ ఆయన వేరువేరుగా లెక్క కట్టెను.

గ్రామ లెక్కలతో జీవితము గడపినవాడను గనుక భూమి మాట చెప్పక తప్పదు. హత్య చేసినవాడుగాని దానికి తోడ్పడినవాడుగాని చంపబడినవాని ఆస్తికి వారసుడు కాజాలడని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 25వ సెక్షను. ఏమరుపాటువలన తండ్రి మరణమునకు కారకుడైన కొడుకునకు ఈ అడ్డు లేదు. అది హత్య కాదు గనుక. కాని దాచిన కథ బయటపడిననాడు దాయాదులు ఊరకుందురా? దాచినాడు గనుక చంపినాడని పట్టా మార్పునకు అడ్డు తగులుదురు. శవపంచనామాలో మొదటి దినమున వ్రాసిన నాలుగు నిజమైన పంక్తులు పది సంవత్సరముల తరువాత మడిచెక్కను కాపాడును. ఆ పంచనామాకు ఇరుగుపొరుగు పెద్దలు ఇద్దరో అంతకు మించియో ఉండవలెనని చట్టము. మీలో ఎవరినైన పిలిచినచో పొండు. చూచినదానికి మాత్రమే సంతకము చేయుడు. పోలీసువారు వచ్చువరకు తుపాకిని ఎవరును ముట్టరాదు. కూరియున్నదో లేదో చూతమని కూడ ముట్టరాదు.

కడపటిది. లైసెన్సుదారు చనిపోయిన యిండ్లలో తుపాకి అట్లే మూలనుండును. పెద్దదినమునకు వచ్చినవారు నగలను, పొలమును పంచుకొందురు గాని దానిని గూర్చి ఎవరును తలపరు. ఆయన పోయిన దినమునుండి ఇంటివారు దానిని ఉంచుకొనుట చట్టసమ్మతము కాదు. ఆయుధ చట్టము 21వ సెక్షను ప్రకారము జాగు చేయక దగ్గర ఠాణాలోగాని లైసెన్సు గల ఆయుధ వ్యాపారి యొద్దగాని అప్పగింపవలెను. వారసుడు ఇరువదియొక్క ఏండ్లు నిండినవాడైనచో తన పేర లైసెన్సు కోరి తిరిగి పొందవచ్చును, అక్కరలేదన్నచో అమ్ముకొనవచ్చును. తీసికొనిపోవునాటికి మందు తీసియుండవలెను. తీయుట తెలియనివారు తామై పెరుకబోక ఠాణాకు కబురు చేయుడు. అప్పగించినప్పుడు తుపాకి సంఖ్యతో సహా రసీదు వ్రాయించుకొని పట్టా పుస్తకములోనే పెట్టుకొనుడు. అర్జీ వ్రాయుట రానివారు సాయంకాలము ఆరు గంటలకు గ్రంథాలయమునకు వచ్చినచో నేను వ్రాసియిచ్చెదను. కాగితము మాత్రము మీరే తెచ్చుకొనవలెను.